ఉదినేలో ఆట ఆగిన ఐదు నిమిషాలు

2024 జనవరి 20న ఇటలీ ఈశాన్య మూలన ఉన్న ఉదినే నగరంలో ఏసీ మిలాన్ జట్టు ఉదినేసేను 3-2 తేడాతో ఓడించింది. 82 నిమిషాల దాకా 2-1తో వెనకబడి ఉన్న జట్టు అది. 83వ నిమిషంలో యోవిచ్ సమం చేశాడు. ఇంజరీ టైమ్‌లో ఒకాఫోర్ గెలిపించాడు. ఇద్దరూ సబ్‌స్టిట్యూట్లుగా వచ్చినవాళ్లే. ఫుట్‌బాల్ అభిమానులుగా ఇలాంటి గెలుపును మళ్లీ మళ్లీ చూడాలనిపిస్తుంది. మేమూ చూశాం. అయితే మొదటిసారి చూసేటప్పుడు కళ్లు బంతి వెంట పరిగెడతాయి. ఫలితం తెలిశాక చూస్తే, బంతి లేని చోట ఏం జరుగుతోందో కనిపిస్తుంది. ఈ మ్యాచ్‌లో అసలు విషయం బంతి లేని చోటే జరిగింది.

మిలాన్ గోల్ కీపర్ మైక్ మెన్యాన్ నల్లజాతీయుడు. ఫ్రెంచ్ గయానాలోని కయెన్‌లో పుట్టాడు, ఫ్రాన్స్ జాతీయ జట్టుకు ఆడతాడు. మొదటి సగంలో అతను గోల్ కిక్ తీసుకోవడానికి వెళ్లినప్పుడు వెనక స్టాండ్స్ నుంచి కొందరు కోతి అరుపులు అరిచారు. అతను పట్టించుకోనట్టే ఉండిపోయాడు. రెండోసారి అదే జరిగింది. అప్పుడు తమ బెంచ్‌కి, ఫోర్త్ అఫీషియల్‌కి చెప్పాడు. 31వ నిమిషంలో లాఫ్టస్-చీక్ గోల్‌తో మిలాన్ ముందంజ వేసింది. ఆ తర్వాత కాసేపటికే మెన్యాన్ మైదానం బయటికి నడిచాడు. సహచరులు అతని వెనకే వెళ్లారు. రిఫరీ ఫాబియో మరేస్కా ఆట ఆపాడు. సుమారు ఐదు నిమిషాల తర్వాత మళ్లీ మొదలైంది. మెన్యాన్ తిరిగొచ్చి గోల్ పోస్టుల మధ్య నిలబడ్డాడు.

హైలైట్స్ చూసేవాళ్లకు ఐదు గోల్స్ మిగులుతాయి. పూర్తి మ్యాచ్ చూసిన మాకు మాత్రం ఈ ఐదు నిమిషాలే మిగిలాయి. వాటి గురించి మూడు విషయాలు చెప్పాలి.

మొదటిది, ఫిర్యాదు భారం ఎవరిది అన్న ప్రశ్న. ఒక స్టాండ్ నిండా జనం ఉన్నారు. అరుపులు వాళ్లు విన్నారు. మైదానం చుట్టూ భద్రతా సిబ్బంది ఉన్నారు, అధికారులు ఉన్నారు. అయినా ఆ అవమానం జరిగిందని చెప్పాల్సిన బాధ్యత అవమానపడినవాడి మీదే పడింది. మొదటిసారి అతను మౌనంగా ఎందుకు ఉన్నాడన్నది మనకు కొత్తగా ఎవరూ చెప్పనక్కర్లేదు. హాస్టల్ మెస్‌లో, ల్యాబ్‌లో, ఊరి టీ కొట్టు దగ్గర మొదటి మాటను మింగేసినవాళ్లు మనలో ఎంతమంది లేరు? 'నేనే పొరపాటున విన్నానేమో' అని ఒకసారి, 'చెబితే గొడవ చేస్తున్నాడంటారు' అని ఇంకోసారి. రెండోసారి జరిగాకే నోరు విప్పుతాం. అప్పుడు ఎదురయ్యే మొదటి ప్రశ్న, 'మరి మొదటిసారే ఎందుకు చెప్పలేదు?'

రెండోది, ఆట మళ్లీ మొదలైన తర్వాత జరిగింది. 42వ నిమిషంలో ఉదినేసే ఆటగాడు సమార్జిచ్ కొట్టిన బంతి మెన్యాన్‌ను దాటి నెట్‌లో పడింది. స్కోరు పట్టికలో అది అందరి గోల్స్ లాంటి గోల్. మళ్లీ చూసేటప్పుడు మాత్రం అది అలా కనిపించదు. కొద్ది నిమిషాల ముందే అంతమంది నడుమ అవమానపడిన మనిషి, అదే స్టేడియంలో నిలబడి, మిగతా ఇరవైఒక్క మందికీ వర్తించే కొలతతోనే తూగాలి. ఆ గోల్‌కి, ఆ అరుపులకి సంబంధం ఉందని మేము అనడం లేదు. అది ఎవరూ తేల్చలేరు. మేము అనేది ఇంతే: ఆట ఆ ఐదు నిమిషాలను లెక్కలోకి తీసుకోదు. ఉదయం కులం పేరుతో మాట పడి, మధ్యాహ్నం పరీక్ష రాసే విద్యార్థి మార్కుల జాబితాలో ఆ ఉదయం ఎక్కడా కనిపించదు. ఆ జాబితానే 'మెరిట్' అంటారు.

మూడోది, మాకు బలాన్నిచ్చిన విషయం. అతను ఒక్కడే బయటికి వెళ్లలేదు. తెల్ల ఆటగాళ్లు, నల్ల ఆటగాళ్లు కలిసి నడిచారు. అప్పటికి వాళ్లు 1-0తో ఆధిక్యంలో ఉన్నారు. లయ దెబ్బతింటుందనో, ఆధిక్యం పోతుందనో ఆగలేదు. ఇది చిన్న విషయం కాదు. ఇటలీ ఫుట్‌బాల్‌లో దీనికి ముందు జరిగినవి చూస్తే ఎంత పెద్ద విషయమో తెలుస్తుంది.

2013 జనవరి 3న ప్రో పాత్రియా అనే చిన్న జట్టుతో స్నేహపూర్వక మ్యాచ్‌లో మిలాన్ ఆటగాడు కెవిన్-ప్రిన్స్ బోఆటెంగ్ ఇలాంటి అరుపులకు విసిగి బంతిని స్టాండ్స్‌లోకి తన్ని బయటికి వెళ్లిపోయాడు. జట్టంతా వెంట వెళ్లింది. ఆ మ్యాచ్ అక్కడితో రద్దయింది. పాయింట్లు లేని మ్యాచ్ కాబట్టి రద్దయింది అన్నవాళ్లూ ఉన్నారు. 2018 డిసెంబర్ 26న ఇంటర్‌తో లీగ్ మ్యాచ్‌లో నాపోలి డిఫెండర్ కలిదు కూలిబాలీని అలాగే అవమానించారు. ఆట ఆపమని నాపోలి పలుమార్లు కోరింది. ఆట ఆగలేదు. చివరికి రిఫరీకి వెటకారంగా చప్పట్లు కొట్టాడని కూలిబాలీనే బయటికి పంపారు. ఇంటర్ 1-0తో గెలిచింది.

2019 ఏప్రిల్‌లో కాలియారీలో యువెంటస్ కుర్రాడు మోయిస్ కీన్‌ను మ్యాచ్ పొడుగునా ఎగతాళి చేశారు. గోల్ కొట్టాక అతను ఆ స్టాండ్ ముందు చేతులు చాచి నిలబడ్డాడు. యువెంటస్ 2-0తో గెలిచింది. మ్యాచ్ అయ్యాక అతని సొంత జట్టు సీనియర్ బొనూచి, తప్పు చెరి సగం అన్నట్టు మాట్లాడాడు. విమర్శలు వచ్చాక వివరణ ఇచ్చుకున్నాడు. 2023 ఏప్రిల్‌లో ఇంటర్ ఆటగాడు లుకాకు, తనను దూషించిన యువెంటస్ అభిమానుల ముందు పెనాల్టీ గోల్ కొట్టి పెదవుల మీద వేలు పెట్టాడు. రెండో పసుపు కార్డు చూపి అతన్నే పంపించేశారు. నిషేధాన్ని తర్వాత ఇటలీ ఫుట్‌బాల్ సమాఖ్య అధ్యక్షుడు ఎత్తేయాల్సి వచ్చింది.

ఈ వరుసలో ఒక సూత్రం కనిపిస్తుంది. అవమానించినవాడి గొంతు గుంపులో కలిసిపోతుంది. అవమానపడ్డవాడి ప్రతిస్పందన మాత్రం అందరికీ స్పష్టంగా కనిపిస్తుంది. శిక్ష ఎప్పుడూ కనిపించినదానికే పడుతుంది. 'అతను రెచ్చగొట్టాడు' అన్న మాట మన ఊళ్ల పోలీస్ స్టేషన్లలోనూ తరచూ వినిపించేదే. దళితుడి ఫిర్యాదు మీద వెంటనే ఎదురు కేసు పెట్టించడం వెనక ఉన్న తర్కం ఇదే.

ఇక గెలుపు సంగతి. ఒకాఫోర్ గోల్ నెట్‌లో పడగానే కథ మారిపోయింది. అవమానించారు, తిరిగొచ్చారు, గెలిచి చూపించారు. వినడానికి బాగుంటుంది. అభిమానులుగా మాకూ ఆ క్షణం ఒళ్లు పులకరించింది. ఆ సంతోషాన్ని మేము తక్కువ చేయం. అయితే ఆ కథలో ఒక ఉచ్చు ఉంది. గెలవకపోతే? ఒకాఫోర్ ఆ బంతిని తప్పి కొట్టి ఉంటే మ్యాచ్ 2-2తో ముగిసేది. అప్పుడు మెన్యాన్ ఆత్మగౌరవం విలువ తగ్గేదా? గెలుపే జవాబు అని చెప్పినప్పుడల్లా, ఓడినవాడికి జవాబు చెప్పే హక్కు లేదని కూడా చెబుతున్నట్టే.

ఓడితే ఏమవుతుందో మన దేశం 2021లో చూసింది. టోక్యో ఒలింపిక్స్‌లో వందనా కటారియా జులై 31న దక్షిణాఫ్రికా మీద మూడు గోల్స్ కొట్టింది. ఒలింపిక్స్‌లో హ్యాట్రిక్ సాధించిన తొలి భారత మహిళా హాకీ క్రీడాకారిణి ఆమె. నాలుగు రోజుల తర్వాత సెమీఫైనల్‌లో భారత్ అర్జెంటీనా చేతిలో 2-1తో ఓడింది. హరిద్వార్ దగ్గర రోష్నాబాద్‌లో ఆమె ఇంటి ముందు టపాసులు కాల్చి, కులం పేరుతో తిట్టి, జట్టులో దళితులు ఎక్కువయ్యారు కాబట్టే ఓడారని అన్నారని కుటుంబం ఫిర్యాదు చేసింది. పోలీసులు కేసు పెట్టారు. మూడు గోల్స్ కొట్టిన రోజున ఆమె దేశం బిడ్డ. ఓడిన రోజున ఆమె కులం గుర్తొచ్చింది. గెలుపు ఇచ్చే గౌరవం మర్నాటి మ్యాచ్ దాకా నిలిచే గౌరవం మాత్రమే.

జాతి వివక్ష, కుల వివక్ష ఒకటే అని మేము చెప్పడం లేదు. ఉదినేలో అవమానం చెవికి వినిపించింది. కులం చాలాసార్లు శబ్దం లేకుండా పనిచేస్తుంది. విడిగా పెట్టిన గ్లాసులో, ఇంటి పేరు అడిగే తీరులో, ఇంటర్వ్యూ మార్కుల్లో. కానీ బాధ్యత ఎవరిది అన్న ప్రశ్న రెండు చోట్లా ఒకటే. దానికి మెన్యాన్ మర్నాడు ఇచ్చిన ప్రకటనలో సూటి జవాబు ఉంది. అరిచినవాళ్లతో అతను ఆగలేదు. అంతా చూసి, అంతా విని మౌనంగా ఉన్న ప్రేక్షకులు కూడా భాగస్వాములే అన్నాడు. ఏమీ జరగనట్టు ఆట ఆగిన సంగతి మాత్రమే మాట్లాడిన ఉదినేసే క్లబ్‌నీ చేర్చాడు. ఏమీ చేయకపోతే అధికారులూ భాగస్వాములే అవుతారని హెచ్చరించాడు.

ఈ ఆలోచన మన చట్టంలో ఎప్పటి నుంచో ఉంది. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం సెక్షన్ 3(1)(ఆర్) పదిమంది చూసే చోట ఉద్దేశపూర్వకంగా అవమానించడాన్ని నేరంగా చూస్తుంది. సెక్షన్ 3(1)(ఎస్) కులం పేరుతో దూషించడాన్ని నేరంగా చూస్తుంది. ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా జైలు. సెక్షన్ 4 ఇంకో అడుగు ముందుకు వేసి, ఈ చట్టం కింద చేయాల్సిన విధిని కావాలని నిర్లక్ష్యం చేసిన, ఎస్సీ ఎస్టీ కాని ప్రభుత్వ ఉద్యోగిని శిక్షించమంటుంది. ఎఫ్ఐఆర్ నమోదు చేయడం ఆ విధుల్లో ఒకటి. అంటే మెన్యాన్ కోరిన జవాబుదారీతనం మనకు కాగితం మీద ఉంది. సెక్షన్ 4ను వాడమని అడిగే అలవాటు మనకు ఇంకా రావాలి. 'పదిమంది చూసే చోట' అన్న మాట నిలబడాలన్నా చూసిన ఆ పదిమందిలో ఎవరో ఒకరు సాక్షిగా నిలబడాలి. చాలా కేసులు నీరుగారేది అక్కడే.

ఉదినే తర్వాత ఏం జరిగింది? గుర్తించిన వ్యక్తి మీద క్లబ్ జీవితకాల నిషేధం విధించింది. ఉదినేసే ఒక మ్యాచ్ ప్రేక్షకులు లేకుండా ఆడాలని లీగ్ క్రమశిక్షణ న్యాయమూర్తి మొదట ఆదేశించారు. ఇలాంటి ఘటనల్లో అభిమానులు తప్పు చేసిన జట్టును ఓడినట్టు ప్రకటించాలని ఫిఫా అధ్యక్షుడు ఇన్ఫాంటినో అన్నాడు. అదే ఏడాది మే నెలలో బ్యాంకాక్‌లో జరిగిన ఫిఫా కాంగ్రెస్ ఒక సంజ్ఞను ఆమోదించింది. ఆటగాడు మణికట్లు అడ్డంగా పెట్టి చూపిస్తే రిఫరీ మూడు దశల ప్రక్రియ మొదలుపెట్టాలి. ముందు ఆట ఆపాలి, ఆగకపోతే జట్లను లోపలికి పంపాలి, అప్పటికీ ఆగకపోతే మ్యాచ్ రద్దు చేయాలి. మంచిదే. కానీ ఆ చేతులు మొదట అడ్డం పెట్టాల్సింది సాధారణంగా ఎవరు? మళ్లీ అవమానపడ్డవాడే.

క్రిమినల్ చట్టం పనిచేసిన ఉదాహరణా ఉంది. 2023 మే నెలలో వాలెన్సియా స్టేడియంలో రియల్ మాడ్రిడ్ ఆటగాడు వినీషియస్ జూనియర్‌ను దూషించిన ముగ్గురికి 2024 జూన్‌లో స్పెయిన్ కోర్టు ఎనిమిది నెలల జైలు శిక్ష వేసింది. ఫుట్‌బాల్ స్టేడియంలో జాతి దూషణకు ఆ దేశంలో పడిన మొదటి శిక్ష అది. ఆ మ్యాచ్‌లో రియల్ మాడ్రిడ్ 1-0తో ఓడింది. చట్టానికి స్కోరుతో పని లేకపోయింది.

ఈ మ్యాచ్ నుంచి కార్యకర్తలు, విద్యార్థులు తీసుకోదగ్గవి మూడు ఉన్నాయని మా అభిప్రాయం. ఒకటి, కాలేజీలో, హాస్టల్‌లో, క్రీడా మైదానంలో కుల దూషణ జరిగితే పక్కన ఉన్నవాళ్లే మొదటి ఫిర్యాదు రాయాలి. బాధితుడు నోరు విప్పేదాకా ఆగకూడదు. రెండు, మన యూనివర్సిటీ టోర్నమెంట్ల నిబంధనల్లో కుల దూషణ మీద ఆట ఆపే నియమం ఉందా అని అడగాలి. లేకపోతే చేర్చమని రాతపూర్వకంగా కోరాలి. మూడు, మన పిల్లలకు 'గెలిచి చూపించు' అని మాత్రమే చెప్పడం మానాలి. గెలవడం వాళ్ల ఇష్టం. గౌరవం మాత్రం ఆట మొదలవ్వకముందు నుంచీ వాళ్లది.

మిలాన్ ఆటగాళ్లు ఆ రోజు మైదానం వదిలినప్పుడు ఆ మ్యాచ్ గెలుస్తారని ఎవరికీ తెలియదు. అయినా వదిలారు. ఈ మ్యాచ్ గుర్తొచ్చినప్పుడు 93వ నిమిషంతో పాటు దాన్ని కూడా చెప్పుకుందాం.