పళ్ళు చెప్పిన సంగతి



మెట్ట ఊరికి ఇచ్చిన ఆడబిడ్డ ఒకామె, సెలవులకు మన తీరంలోని పుట్టింటికి వచ్చినప్పుడు, నడుము నొప్పికి మాత్రలడగడానికి నా దగ్గరకు వచ్చింది. వెంట తొమ్మిదేండ్ల కొడుకు. వాడు నవ్వినప్పుడల్లా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొంటున్నాడు. “పళ్ళు తోమడమ్మా, గార పట్టాయి, ఎంత కొట్టినా అంతే” అన్నది తల్లి.

చెయ్యి తీయించి చూశాను. పళ్ళకు అడ్డంగా సుద్దలాంటి చారలు, మధ్యలో గోధుమరంగు మరకలు. అది తోమితే పోయేది కాదు. మరక పంటిపైన లేదు, పంటిలోనే ఉన్నది.

వ్యాధికి రెండు సాక్ష్యాలుంటాయి. రోగి నోటితో చెప్పే బాధ ఒకటి, చూచేవారి కంటికి కనబడే గుర్తు ఒకటి. ఇక్కడ బాధ తల్లిది, గుర్తు బిడ్డది. గడ్డం రొమ్ముకు ఆనించమంటే ఆమెకు మెడ వంగలేదు. మోకాళ్ళు వంచకుండా కాలివేళ్ళు ముట్టుకోమంటే చేతులు సగంలో ఆగిపోయాయి. అందరూ వాతమన్నారట! ఆమె పళ్ళు మాత్రం తెల్లగా ఉన్నాయి. ఎందుకంటే, పళ్ళు చిగురులో తయారయ్యే వయసులో, అంటే సుమారు ఎనిమిదేండ్లలోపు తాగిన నీళ్ళలోని ఫ్లోరైడే పంటిపై చారలు పెడుతుంది. ఈమె చిన్నప్పుడు తాగింది పుట్టింటి నీళ్ళు. ఎముకలకు మాత్రం వయసు భేదం లేదు.

మన దేశంలో ఈ ఫ్లోరోసిస్ మొదట బయటపడింది నెల్లూరు జిల్లాలోనే. 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి అనే ముగ్గురు దీన్ని గురించి ఇండియన్ మెడికల్ గెజెట్‌లో వ్రాశారు. అంతకు ముందే రైతులు దున్నే ఎద్దుల కాళ్ళు బిగుసుకుపోవడం గమనించారని చెప్తారు. ఆనాడు మన జిల్లాలోవైన పొదిలి, కనిగిరి తాలూకాలు 1970లో కొత్త జిల్లాలోకి వెళ్ళాయి. రాళ్ళలోని ఫ్లోరైడ్ బావుల్లోకి, బోర్లలోకి దిగడం మాత్రం జిల్లా హద్దులనుబట్టి ఉండదు గదా.

పుట్టుగ్రుడ్డివానిని చూచి, పాపమెవరిదని శిష్యులు ప్రభువును అడిగిన సంగతి మనకు తెలిసినదే. ఈ బిడ్డ విషయంలో కూడా అందరం అదే ప్రశ్న అడుగుతున్నాము.

బిగిసిన ఎముకను మునుపటివలె చేసే మందు లేదు. నీళ్ళు మార్చితే ముదరకుండా ఆపవచ్చును. ఫ్లోరైడ్ రుచికి, వాసనకు తెలియదు. కాచితే పోదు సరిగదా, నీరు ఇగిరేకొద్దీ చిక్కబడుతుంది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాము దాటిన నీళ్ళు తాగరాదు. పాలు, పెరుగు, ఉసిరి పెట్టడం మేలే గాని అది నీళ్ళు మార్చడానికి బదులు కాదు.

ఆ తల్లి కొడుకు తల నిమురుతూ చాలాసేపు ఊరకుండిపోయింది. “మా బోరు నీళ్ళు ఎక్కడ చూపించాలమ్మా?” అని అప్పుడడిగింది. గ్రామీణ నీటి సరఫరా శాఖవారి ప్రయోగశాలలో పరీక్ష చేస్తారు. శుభ్రమైన ప్లాస్టిక్ సీసాను ఆ బోరు నీళ్ళతోనే రెండుసార్లు తొలిచి, లీటరు పట్టి, మూతపెట్టి, ఊరి పేరు, తేది వ్రాసి తీసుకొనిపొండి.