దూరానికి కొలబద్ద ఏది?

అమెరికాలోని పిల్లల వద్దకు బయలుదేరే తల్లిదండ్రులు ముందుగా విచారించేవి రెండు అంకెలు: విమానాశ్రయాల నడుమ దూరమెంత, ప్రయాణకాలమెంత అని. మొదటి అంకెను విమానవేగంతో భాగిస్తే రెండవది వచ్చి తీరుతుందని చాలామంది నమ్మకం. ఈ నమ్మకం సరికాదని నా అభిప్రాయం. ఒక ఉదాహరణ చిత్తగించండి.

గోళం మీద ఢిల్లీనీ శాన్ ఫ్రాన్సిస్కోనూ కలుపుతూ దారం బిగించి పట్టుకుంటే, అది టిబెట్టు అంచున బయలుదేరి, సైబీరియా మీదుగా ఆర్కిటిక్ సముద్రం దాటి, అలాస్కా వైపు దిగుతుంది. దాని పొడవు సుమారు 12,400 కిలోమీటర్లు. లెక్క ప్రకారం దూరమంటే ఇదే. కాని విమానాలు దారం వెంట నడవవు. విమానం లోపలి గాలి పీడనం తగ్గితే వెంటనే సుమారు మూడు కిలోమీటర్ల ఎత్తుకు దిగాలి. టిబెట్టు పీఠభూమి సగటు ఎత్తే నాలుగున్నర కిలోమీటర్లకు పైమాట! దిగడానికి చోటేది?

2015 డిసెంబరులో ఈ రెండు నగరాల మధ్య ఎయిరిండియా సర్వీసు మొదలైనప్పుడు విమానం పశ్చిమంగా, అట్లాంటిక్ మీదుగా వెళ్ళేది. ఆ దారి సుమారు 13,900 కిలోమీటర్లు. 2016 అక్టోబరులో దానిని తూర్పుగా, పసిఫిక్ మీదుగా మళ్ళించారు. దారి సుమారు 15,300 కిలోమీటర్లకు పెరిగింది. ప్రయాణకాలమో, దాదాపు రెండు గంటలు తగ్గి పద్నాలుగున్నర గంటలైంది. దూరం పెరిగితే కాలం తరిగింది!

ఇది భూభ్రమణ మహిమ కాదు. భూమితోబాటు దాని వాయుమండలమూ తిరుగుతూనే ఉంటుంది. అసలు కారణం, విమానాలు ఎగిరే ఎత్తులో పడమటినుండి తూర్పుకు ప్రవహించే జెట్ స్ట్రీమ్ అనే వాయునది. దానికి ఎదురీదడం వేరు, దాని వాలున సాగడం వేరు. శీతకాలంలో దాని ఉద్ధృతి మరీ ఎక్కువ.

గాలి సంగతి అలా ఉంచి, రాజ్యాల సంగతి చూద్దాం. 2025 ఏప్రిల్ 24న పాకిస్తాన్ తన గగనతలాన్ని భారత విమానసంస్థలకు మూసివేసింది. ఢిల్లీనుండి పడమటికి పోయే మన విమానాలు చుట్టుదారి పట్టవలసివచ్చింది. ఆ సెప్టెంబరు 1 నుండి ఢిల్లీ–వాషింగ్టన్ సర్వీసును నిలిపివేస్తూ ఎయిరిండియా చెప్పిన కారణాలలో ఇదీ ఒకటి. భూమి అంగుళమైనా జరగలేదు. దూరం మాత్రం పెరిగింది.

మన భాషలో ‘పూట నడక’ అనే మాట ఉంది, ‘కూతవేటు’ అనే మాట ఉంది. మొదటిది దూరాన్ని కాలంతో కొలుస్తుంది. రెండవది మరీ విశేషం: గాలి వాలున కూత దూరం వినిపిస్తుంది, ఎదురుగాలికి చేరువలోనే అణగిపోతుంది. అంటే ఆ కొలతలోనే గాలికి చోటుంది. మన పెద్దలకు విమానశాస్త్రం తెలుసునని నేను వాదించబోవడంలేదు. పుష్పకం జోలికి పోనే పోను. నడిచేవాడి కాళ్ళకు తెలిసిన దూరమే అసలు దూరమని వారెరుగుదురు, అంతే.

కాబట్టి అరవై, డెబ్భై ఏళ్ళ వయసులో సముద్రాలు దాటబోయేవారు కిలోమీటర్ల లెక్క పక్కనబెట్టి, “ఈ నెలలో, ఈ దారిన, ఎన్ని గంటలు కూర్చోవాలి?” అని అడగడం మేలు. వేళకు వేసుకోవలసిన మాత్రలకూ, వాచే కాళ్ళకూ, మధ్యలో మారవలసిన విమానానికీ కావలసిన లెక్క అదే. రానూ పోనూ ఒకే కాలం పడుతుందనుకోవడమూ పొరపాటే.

దూరపు కొండలు నునుపన్నారు. దూరపు అంకెలూ అంతేనని నా మనవి. మీరేమంటారు?