నేనేటి తీసుకున్నానని?

మొన్న 2025 నవంబర్ 27, గురువారం రాత్రి ఎనిమిదిన్నరకి మా కుటుంబం మొత్తం ఫోన్ల ముందు కూర్చుంది. డల్లాస్‌లో ఉన్న మా అన్నయ్యకి, అంటే పెదనాన్న కొడుక్కి, అప్పుడు పొద్దున్న తొమ్మిది. థాంక్స్‌గివింగ్ సెలవు. అనకాపల్లిలో మా పిన్నికి అది మార్గశిరంలో మొదటి గురువారం. తెల్లారకముందే లేచి, ఇల్లు కడిగి, ముగ్గేసి, లక్ష్మీదేవికి పులగం నైవేద్యం పెట్టి, ఆ తర్వాత ఇంట్లో ఉన్న పదకొండు మందికీ రెండు పూటలా వండింది.

అన్నయ్య ఒక రూలు పెట్టాడు. ఈ ఏడాది ఎవరికి, దేనికి థాంక్‌ఫుల్‌గా ఉన్నామో తలా ఒకటి చెప్పాలి. ముందు రోజే గ్రూపులో టర్కీ కోడి బొమ్మతో గ్రీటింగ్ కూడా పెట్టాడు. దానికి పిన్ని ఇచ్చిన జవాబు ఒక్క వాయిస్ మెసేజ్: "ఈ కోడేటి బాబూ ఇంత లావుంది, ఉడుకుద్దా?"

వరసగా చెప్పాం. పెదనాన్న దేవుడికి చెప్పారు. బాబాయి తన గుండెలో స్టెంటుకి చెప్పి, కాస్త ఆలోచించి డాక్టర్ని కూడా కలిపాడు. అన్నయ్య కూతురు, ఎనిమిదేళ్ళది, వాళ్ళ కుక్కకి చెప్పింది. నేను ఉద్యోగం ఊడనందుకు చెప్పాను, ఎవరికి చెప్తున్నానో తెలీకుండానే. అన్నయ్య వాళ్ళ నాన్నకి చెప్పాడు: "పొలం అమ్మి నన్ను పంపించారు, ఆ రుణం ఈ జన్మలో తీరదు." పెదనాన్న కళ్ళు తుడుచుకున్నారు. ఇక పెట్టేద్దాం అనుకుంటుంటే ఎవరో "పిన్నీ, మరి నువ్వో?" అన్నారు. పిన్ని వంటింటి గుమ్మంలోంచి తల బయటపెట్టి అంది:

"ఎవలికి? నేనేటి తీసుకున్నానని?"

అందరం పగలబడి నవ్వాం. అన్నయ్య దాన్ని స్టేటస్‌గా పెట్టుకుంటానన్నాడు.

ఆ రాత్రి అమ్మ చెప్పింది. 2011లో అన్నయ్య మొదటి సెమిస్టర్ ఫీజు కట్టే సమయానికి పొలం బేరం తెగలేదు. తాకట్టుకి వెళ్ళింది పిన్ని ఆరు తులాల బంగారం. పొలం ఆ తర్వాత అమ్ముడైంది. ఆ డబ్బు వేరే అప్పులకి పోయింది. బంగారం వేలానికి పోయింది. పద్నాలుగేళ్ళుగా ఈ సంగతి అన్నయ్యకి తెలీదు. నాకూ తెలీదు. ఇంట్లో కథ ఎప్పుడూ "పొలం అమ్మి పంపించాం" అనే. పొలానికి పట్టా ఉంటుంది, పట్టా మీద మగవాడి పేరుంటుంది. మెడలోంచి తీసిన గొలుసుకి ఏ కాగితం ఉంటుంది?

అప్పుడు పిన్ని మాట నాకు మళ్ళీ వినపడింది. అది జోకు కాదు. లెక్క.

*

ఏటా నవంబర్ ఆఖరి వారంలో మన టైమ్‌లైన్లలో రెండు పార్టీలు బయల్దేరతాయి. మొదటి పార్టీ వాళ్ళ బాధ ఏంటంటే తెలుగువాళ్ళకి కృతజ్ఞత చెప్పడం రాదు, ఆఖరికి రోజూ వాడుకునే ఒక మాట కూడా లేదు, అమెరికావాళ్ళని చూసి నేర్చుకోవాలి. రెండో పార్టీ వాళ్ళది జబ్బ చరుపు: వాళ్ళు మనుషులకి చెప్తే మనం కనుమ నాడు పశువులకి కూడా చెప్తాం, సంక్రాంతే మన థాంక్స్‌గివింగ్, అసలు మన సంస్కృతే కృతజ్ఞత. నాకు ఈ రెండు పార్టీలతోనూ పేచీ ఉంది.

మొదటి పార్టీ చెప్పేది సగం నిజం. ధన్యవాదాలు సభల్లో చెప్పే మాట. కృతజ్ఞతలు శుభలేఖల్లో, పుస్తకాల మొదటి పేజీల్లో అచ్చయ్యే మాట. సిటీ బస్సులో సీటిచ్చినవాడితో "కృతజ్ఞతలు" అంటే వాడు భయపడి ముందు స్టాపులోనే దిగిపోతాడు. అందుకే హాయిగా థాంక్స్ అనేస్తాం. కానీ ఆ పార్టీవాళ్ళు ఇంకో వైపు చూడలేదు. కృతజ్ఞతకి వాడుక మాట లేని ఈ భాషలోనే కృతఘ్నతకి ఎన్ని ఉన్నాయో చూడండి. తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాడు. ఏరు దాటి తెప్ప తగలేసేవాడు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య. పాముకి పాలు పోసినట్టు. కుక్కకున్నపాటి విశ్వాసం లేదు. ఉప్పు తిని ద్రోహం చేశాడు. ఇంత సరంజామా ఉన్న జాతికి కృతజ్ఞత తెలీదంటే నేనొప్పుకోను. బాగా తెలుసు. కాకపోతే ఇవ్వడంగా కాక, వసూలు చేయడంగా తెలుసు.

ఈ సామెతలు ఎవరు ఎవరిని అంటారో కూడా గమనించండి. ఇంటివాడు పాలేరుని అంటాడు. తల్లిదండ్రులు తమకి నచ్చని పెళ్ళి చేసుకున్న కూతుర్ని అంటారు. ముప్ఫై ఏళ్ళు వండిపెట్టిన భార్య, మొగుణ్ణి "తిన్నింటి వాసాలు లెక్కపెడుతున్నావు" అన్నట్టు మీరెక్కడైనా విన్నారా? నేను వినలేదు. ఇల్లు ఆవిడది కాదు కదా, వాసాలు ఆవిడవెలా అవుతాయి?

ఇక రెండో పార్టీ. సంక్రాంతికి పూర్వం కళ్ళంలో జరిగేదేమిటో మన తాతల తరానికి తెలుసు. నూర్పిళ్ళయ్యాక చాకలికి, మంగలికి, వడ్రంగికి, కమ్మరికి మేర కొలిచేవారు. మేర అంటే ఏడాది పొడుగునా చేసిన పనికి ఆ రోజు అందే గింజలు. వాళ్ళ కూలి, వాళ్ళ హక్కు. కానీ కొలిచేటప్పుడు దణ్ణం ఎవరు పెట్టేవారు? తీసుకునేవాడే. ఏడాదంతా బట్టలుతికినవాడు, నాగళ్ళు చెక్కినవాడు తన కష్టార్జితం తను తీసుకుంటూ వంగి "దణ్ణం బాబూ" అనేవాడు. మన కృతజ్ఞత కిందనుంచి పైకి పారే నది. మర్నాడు కనుమ. ఎద్దుకి స్నానం, పసుపూ కుంకుమా, మెడలో గంటలు, మొహానికి దండ. చాలా బాగుంటుంది, నాకూ ఇష్టమే. ఎందుకంటే ఎద్దు ఎదురు ప్రశ్న వేయదు. ఎద్దుకి కృతజ్ఞత చెప్తే మర్నాడు కూలి పెంచమనదు. పాలేరుకి చెప్తే అంటాడేమోనని మన భయం.

ఇప్పటికీ అంతే. అనకాపల్లి బెల్లం అంటే మావాళ్ళ ఛాతీ రెండంగుళాలు పెరుగుతుంది. దేశంలో పెద్ద బెల్లం మార్కెట్లలో ఒకటి మాది, నిజమే. పండక్కి అరిసె కొరికి "మా ఊరి బెల్లం రుచే వేరు" అంటాం. ఊరికి థాంక్స్, నేలకి థాంక్స్, శారదా నదికి థాంక్స్. ఆకుల అంచులు చేతులు కోస్తుంటే చెరకు నరికినవాడు, గానుగ దగ్గర రాత్రంతా పెనం ముందు ఆ సెగలో నిలబడి పాకం తిప్పినవాడు, మార్కెట్లో దిమ్మలు మోసిన కలాసీ ఆ వాక్యంలో ఎక్కడా ఉండరు. కొత్త అమావాస్య జాతరకి నూకాలమ్మ తల్లికి మాత్రం బాకీ పడం. ఉద్యోగం వచ్చినా, పిల్లాడు పుట్టినా మొక్కు తీర్చుకుని వస్తాం. ఎందుకంటే ఎగ్గొడితే ఆవిడ ఊరుకోదు. ఊరుకునేవాళ్ళ బాకీలే మిగిలిపోతాయి.

అలాగని అమెరికావాళ్ళ పండగ దగ్గరికి పరిగెత్తనక్కర్లేదు. 1621లో ప్లిమత్‌లో వలస వచ్చినవాళ్ళూ వాంపనోగ్ జనమూ కలిసి భోంచేశారన్నది ఆ పండగ వెనక కథ. దాన్ని జాతీయ పండగగా నిలబెట్టింది 1863లో, అంతర్యుద్ధం మధ్యలో, లింకన్ చేసిన ప్రకటన. 1939లో రూజ్‌వెల్ట్ క్రిస్మస్ కొనుగోళ్ళకి ఇంకో వారం దొరుకుతుందని పండగని ముందుకి జరిపాడు. గొడవై, 1941లో చట్టం చేసి నవంబర్ నాలుగో గురువారానికి ఖాయం చేశారు. అంటే బ్లాక్ ఫ్రైడే ఆ పండగలోకి నిన్నగాక మొన్న దూరింది కాదు. ఇక ఆ విందులో పాల్గొన్న వాంపనోగ్‌ల వారసుల సంగతి. 1970లో, వలసవాళ్ళు వచ్చి 350 ఏళ్ళైన సందర్భంగా, వాళ్ళలో వాంసట్టా ఫ్రాంక్ జేమ్స్ అనే ఆయన్ని మాట్లాడమని పిలిచారు. ఆయన రాసుకున్న ప్రసంగంలో దోపిడీ గురించీ చావుల గురించీ ఉంది. నిర్వాహకులు అది కుదరదన్నారు. ఆయన మాట్లాడటం మానేశాడు. ఆ ఏటి నుంచీ అదే గురువారం ప్లిమత్‌లో వాళ్ళు సంతాప దినం జరుపుతున్నారు. భోజనం పెట్టినవాళ్ళని ఫోటోలోంచి తీసేసి దేవుడికి థాంక్స్ చెప్పుకోవడం మా ఇంటి జూమ్ కాల్ కనిపెట్టిన విద్య కాదన్నమాట.

*

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం వస్తుంది. దానికి జవాబు చెప్పకుండా తప్పించుకోను. "ఇంట్లోవాళ్ళకి థాంక్సేంటి? పరాయివాళ్ళమా?" అంటారు. ఇందులో అందం ఉంది. అమ్మకి థాంక్యూ అంటే "ఏరా, ఒంట్లో బాలేదా?" అని నుదురు పట్టుకు చూస్తుంది. పక్కింటివాళ్ళు గిన్నెలో కూర పంపితే ఆ గిన్నె ఖాళీగా తిరిగివ్వం. నాలుగు గారెలో, గుప్పెడు పంచదారో వేసి ఇస్తాం. వాళ్ళు మళ్ళీ ఏదో వేసి పంపుతారు. ఆ గిన్నె ఏళ్ళ తరబడి రెండిళ్ళ మధ్య తిరుగుతూనే ఉంటుంది. బాకీ ఎప్పటికీ తీరకపోవడమే అక్కడ స్నేహం. థాంక్స్ అనేసి ఖాతా మూసేసుకోవడం కన్నా ఇది గొప్పదని నేనూ అంటాను.

కానీ గిన్నె తిరగాలంటే రెండు వైపులా వంటిల్లు ఉండాలి, రెండు వైపులా ఇచ్చే చెయ్యి ఉండాలి. మన ఇంట్లో అంట్లు తోమే ఆవిడకి విడిగా గ్లాసు పెడతామే, ఆ గ్లాసు ఎక్కడ తిరుగుతుంది? సింకు పక్క గూట్లోంచి ఆవిడ చేతిలోకి, చేతిలోంచి మళ్ళీ గూట్లోకి. అలాగే పిన్ని వంటింట్లోంచి వచ్చిన గిన్నెలన్నీ ఇటే వచ్చాయి, అటు వెళ్ళినవి లేవు. "పరాయివాళ్ళమా" అనే మాట ఎప్పుడూ తీసుకున్నవాళ్ళ నోట్లోంచే వస్తుంది, అదీ విచిత్రం.

దీనికి ప్రభుత్వం లెక్క కూడా ఉంది. 2019లో చేసిన జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపనికి, ఆ పని చేసేవాళ్ళలో, ఆడవాళ్ళు రోజుకి సగటున 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు పెట్టారు. 2024లో మళ్ళీ చేస్తే ఆడవాళ్ళవి 289 అయ్యాయి. పది నిమిషాలు తగ్గాయి కదా, మగవాళ్ళు అందుకున్నారేమో అని చూస్తే వాళ్ళవి 88కి దిగాయి. ఆవిడకి పది నిమిషాలు తగ్గితే ఈయన తనకీ తొమ్మిది తగ్గించుకున్నాడు. ఇంట్లో సమానత్వం అంటే మనకి అర్థమైంది ఇదీ.

కాబట్టి నా గొడవ థాంక్స్ చెప్పమనీ కాదు, మానమనీ కాదు. కృతజ్ఞత అనే మాటని విడదీసి చూడండి. కృతం అంటే చేసినది. జ్ఞ అంటే తెలిసినవాడు. చేసినది తెలిసి ఉండటం, అంతే. ఆ మాటలో దణ్ణం లేదు, రుణం లేదు, కన్నీళ్ళు లేవు. ఎవరు ఏం చేశారో నీకు తెలుసా అన్న ప్రశ్న ఉంది. ఆ ప్రశ్నకి మనలో చాలామందికి జవాబు లేదు. తెలుసుకోకపోవడం మనకి లాభం కూడా. తెలిస్తే పంపకం మారాలి, వంటింట్లోకి నడవాలి, కూలి పెంచాలి, ఆస్తి కాగితాల్లో ఇంకో పేరు చేర్చాలి. "ఈ రుణం ఈ జన్మలో తీరదు" అనడం చాలా తేలిక. ఈ జన్మలో తీరదని ముందే చెప్పేశాక ఇక తీర్చే ప్రయత్నం చేయక్కర్లేదు మరి.

ఈ సంక్రాంతికి ఊరెళ్ళేవాళ్ళని నేనడిగేది ఒకటే. కృతజ్ఞతా పోస్టు పెట్టకండి. లెక్కలడగండి. నా ఫీజుకి డబ్బెక్కడిది? తాతయ్య మంచం పట్టిన నాలుగేళ్ళూ పక్క బట్టలు ఎవరు మార్చారు? ఎవరి చదువు ఆపితే నా చదువు సాగింది? అరిసెలు బాగున్నాయనే ముందు పిండి ఎవరు దంచారు, ఆవిడకి ఎంతిచ్చారు? పండగపూట ఇవేం ప్రశ్నలు అంటారు. అందరూ ఒక్కచోట దొరికేది పండగపూటే కదా.

అన్నయ్యకి ఫోన్ చేసి బంగారం సంగతి చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఇప్పటి రేటు ప్రకారం ఎంతవుతుందో చూడు, పంపించేస్తాను" అన్నాడు. పంపు, తప్పకుండా పంపు, కానీ ముందు పిన్నికి ఫోన్ చెయ్యి, థాంక్స్ అనకు, ఏమేం ఇచ్చావని అడుగు అన్నాను.

చేశాడట. "అదేటి బాబూ ఇప్పుడు, అయిపోయింది కదా" అందట పిన్ని. ఆ తర్వాత నలభై నిమిషాలు వదల్లేదట. నాలుగు గాజులు, రెండు పేటల నల్లపూసలు, వాళ్ళమ్మ పెట్టిన నెక్లెసు. నెక్లెసుకి వెనక కొక్కెం కాస్త వదులట. ఎప్పుడు పెట్టుకున్నా ఎక్కడ జారిపోద్దోనని ఒక చెయ్యి మెడ మీదే ఉండేదట.