తెగిన లంకె ఎవరిది?

2021 చలికాలంలో మా వైపు మిరపచేలను నల్లతామర పురుగు పట్టిన సంగతి మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. గుంటూరు, ప్రకాశం జిల్లాలలో ఎవరిని కదిపినా అదే మాట. నరసరావుపేట దగ్గర మిరప వేసిన మా పెదనాన్నగారి అబ్బాయి ఒక సాయంత్రం ఫోను చేసి, "ఒరేయ్, పూలలో దూరి తినేస్తోంది. ఏం చెయ్యాలో ఎక్కడైనా తెలుగులో వ్రాసి ఉంటే పంపరా" అన్నాడు. చక్కని వ్యాసమొకటి దొరికింది. చిరునామా చివర "నల్లతామర" అని తెలుగులోనే ఉండటం చూసి ముచ్చటపడి, దానిని అలాగే టైపు చేసి పంపి, ఘనకార్యం చేసినవాడిలా నిద్రపోయాను.

మర్నాడు అన్నయ్య కంప్యూటరులో "పేజీ లేదు" అని వచ్చిందట. నా దగ్గర శుభ్రంగా తెరుచుకుంటోంది! ఆ తరువాతి రోజు తన తెరను ఫొటో తీసి పంపితే గాని గుట్టు తెలియలేదు. లంకెకు "నల" వరకే నీలిరంగు వచ్చింది. గుణింతపు గుర్తులనూ, పొల్లునూ అక్షరాలుగా ఎంచని ప్రోగ్రాములు కొన్ని ఉన్నాయి. పొల్లు రాగానే చిరునామా అయిపోయిందనుకుంటాయవి. అన్నయ్య నొక్కినప్పుడల్లా ఆ యంత్రం పాపం నలమహారాజును వెతికి వట్టి చేతులతో తిరిగివచ్చింది.

మందు చాలా చిన్నది. విహారిణి పైనున్న చిరునామాను మొత్తంగా కాపీ చేస్తే శాతం గుర్తుల దండ ఒకటి వస్తుంది. యూటీఎఫ్-8లో మన సంకేతం ఒక్కొక్కటి మూడు బైట్లు. ఒక్కొక్క బైటునూ శాతం గుర్తుతో వ్రాస్తే మూడేసి అక్షరాలు. "నల్లతామర"లోని 8 సంకేతాలు 72 అక్షరాలవుతాయన్నమాట. చూడటానికి వికారమే, కాని దారిలో తెగదు. అది పంపాను, తెరుచుకుంది. నీలిరంగు జిగురు అట్టలు కట్టమని అందులో ఉంది. రెండు రోజులు ఆలస్యంగా కట్టాడు. అవే పంటను నిలబెట్టేవని నేననను; చాలామందిలాగే అన్నయ్యా ఆ యేడు నష్టపోయాడు. కాని ఆ రెండు రోజులు నావి.

అందుకే అంటున్నాను, లంకె తెరుచుకోకపోతే తప్పు నొక్కినవాడిది కాదు, ఇచ్చినవాడిది. "చిరునామాలో తెలుగెందుకు, ఇంగ్లీషు అక్షరాలు పెడితే పోలా?" అనే మిత్రులున్నారు. పొల్లును గుర్తించలేనిది ప్రోగ్రామైతే భాషను మార్చుకోవడమేమిటి? "గూగుల్లో వెతుక్కోమనరాదా?" అనేవారు ఒక్కసారి వెతికి చూడండి. నల్లతామర, నల్ల తామర, తామరపురుగు — ఎవరి వ్రాత వారిది, నడుమ మందుల ప్రకటనలు.

తెగిన లంకెలు వేరు, ఇల్లు మారినవి వేరు. 2022 ఏప్రిల్‌లో నరసరావుపేట పల్నాడు జిల్లాకూ, చీరాల బాపట్ల జిల్లాకూ వెళ్ళాయి; ఊళ్ళు మాత్రం కదలలేదు. జాలంలో అలా కాదు, పేరు మారితే ఇల్లే మాయమవుతుంది. తెలుగు వికీపీడియాలో వ్యాసం పేరు మార్చినా పాత పేరు మీద "దారిమార్పు" మిగలడం నాకెంతో నచ్చిన మర్యాద. 2009లో జియోసిటీస్ మూతపడినప్పుడు అలాంటి కాగితం ముక్క కూడా తలుపుకు అంటించలేదు.

మొన్న నా పాత టపాలు తిరగవేశాను. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాకు ఇచ్చిన లంకెలు ఒక్కటీ మిగలలేదు. అయితే ఆ పుస్తకాలు చాలావరకు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉన్నాయి. పుస్తకం పేరును ఇంగ్లీషు అక్షరాలలో రెండు మూడు విధాల వ్రాసి వెతికితే దొరుకుతున్నాయి. ఒక్కొక్క దానికి పది నిమిషాలు పట్టింది. విసుగు పుట్టలేదంటే అబద్ధం.

ఇక మిగిలినవి మీ పుటలకు నేనిచ్చిన లంకెలు, పదకొండు. ఇల్లు మారినవారు కొత్త చిరునామా చెప్పండి, ఈ ఆదివారం కూర్చుని సరిచేస్తాను.