లాపతా అంటే లేనట్టు కాదు

మా బేటీ డిగ్రీ రెండో సంవత్సరం. పాత లాప్‌టాప్‌లో విండోస్ నత్తనడక నడుస్తుంటే ఉబుంటు వేయించాం. మొన్న రాత్రి పదకొండింటికి ఏడుపు మొహంతో వచ్చింది. "అబ్బా, పిప్‌ఎక్స్‌తో నాలుగుసార్లు ఇన్‌స్టాల్ చేశా. అదేమో ‘ఇప్పటికే ఉంది’ అంటుంది. నడిపిస్తే ‘కమాండ్ నాట్ ఫౌండ్’ అంటుంది. ఈ కోర్సు నా వల్ల కాదు, మానేస్తా."

నాకు కంప్యూటర్ ఇల్మ్ అంతంతే. కానీ ‘నాట్ ఫౌండ్’ని ఉర్దూలో అనుకుంటే లాపతా. లాపతా అంటే మనిషి లేడని కాదు, పతా తెలియదని. దగ్గర కూర్చుని, మొదటిసారి ఇన్‌స్టాల్ చేసినప్పుడు ఏం రాసిందో పైకి జరిపి చదవమన్నాను. జవాబు అక్కడే ఉంది.

టెర్మినల్‌లో మన హుకుం అందుకునేది షెల్. అది డిస్క్ మొత్తం గాలించదు. పాత్ అనే ఫెహరిస్తులో రాసున్న ఫోల్డర్లలోనే, గల్లీ గల్లీ తలుపు తట్టినట్టు, వరుసగా వెతుకుతుంది. మా అమ్మాయి వేసిన సాఫ్ట్‌వేర్ హోమ్‌లోని డాట్ లోకల్ కింద బిన్ ఫోల్డర్లో కూర్చుంది. లాగిన్ వేళకు ఆ ఫోల్డర్ ఉంటేనే ఉబుంటు దాన్ని పాత్‌లో చేరుస్తుంది. ఆ రోజు లాగిన్ అయ్యాకే అది పుట్టింది. ఇలాజ్? లాగౌట్ అయి మళ్లీ లాగిన్ కావడం, లేదా ‘పిప్‌ఎక్స్ ఎన్ష్యూర్‌పాత్’ కొట్టి కొత్త టెర్మినల్ తెరవడం. అంతే.

ఒక్కోసారి పేరే మారుతుంది. ఉబుంటులో బ్యాట్ ప్యాకేజీ వేస్తే కమాండ్ బ్యాట్‌క్యాట్ అవుతుంది. ‘డీపీకేజీ హైఫన్ క్యాపిటల్ ఎల్’ పక్కన ప్యాకేజీ పేరు కొడితే, ఏ ఫైలు ఎక్కడ పడిందో చెప్పేస్తుంది. ఇవేవీ చూడకుండా "సుడో పెట్టి మళ్లీ వేసెయ్" అనే దోస్తుల సలహా మాత్రం వద్దు. దారి తెలియనివాడికి ఇంటి తాళాలన్నీ ఇచ్చినట్టే అది.

నా షికాయత్ సాఫ్ట్‌వేర్ మీద కాదు, మన మీద. ఉర్దూ మీడియం నుంచి తెలుగు డిగ్రీకి వెళ్లిన మొదటి ఏడాది, తెలిసిన జవాబుకు కూడా క్లాసులో తెలుగు మాట దొరక్క నోరు మూసుకునేవాణ్ని. ‘వీడికి రాదు’ అనుకున్నారు. కొన్నాళ్లకు నేనూ నమ్మాను. ఇప్పుడు మన పిల్లలు ఇంగ్లీషులో ఒక్క ఎర్రర్ చూసి అదే అనుకుంటున్నారు. కంప్యూటర్ రాకపోయినా పక్కన కూర్చోండి. "వేసింది ఎక్కడ పడింది? ఇది ఎక్కడ వెతుకుతోంది?" అని అడగండి. కోర్సు మానే మాట తర్వాత చూద్దాం.