పెంపుడు బిడ్డకు వాటా ఏది?

'గుండమ్మ కథ' (1962)లో సవతి కూతురి చేత పనిమనిషిలా చాకిరీ చేయించే గుండమ్మను మరచిన తెలుగువారుండరు. ఆ పాత్ర ధరించిన సూర్యకాంతం గారు 1924లో కాకినాడ దగ్గరి వెంకటకృష్ణరాయపురంలో పుట్టిన మన గోదావరి ఆడపడుచే. గయ్యాళి అత్తగా ఆమె ఎంత పేరు పొందారంటే, ఆడపిల్లలకు ఆ పేరు పెట్టడమే జనం మానేశారంటారు. కానీ ఆమె షూటింగులకు ఇంటి వంటలు తెచ్చి తోటివారికి కొసరి కొసరి వడ్డించేవారు. సంతానం లేదు. అక్కగారి కుమారుణ్ణి దత్తత తీసుకుని సొంత కొడుకుగా పెంచారు. తెర మీద సవతి బిడ్డకు దక్కని తల్లి, ఇంట్లో అక్క బిడ్డకు దక్కింది.

ఆమె క్రైస్తవురాలు కాదు. అయినా ఆ ఇంటి నుంచి మన సంఘాలు నేర్చుకోవలసింది ఉంది.

అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల సంఘాల్లో అక్క బిడ్డనో తమ్ముడి బిడ్డనో పెంచుకునే దంపతులు కొత్త కాదు. పాస్టరు గారు ప్రార్థన చేస్తారు, భోజనాలు పెడతారు, దత్తత అయిపోయిందనుకుంటాం. కాగితాల మాటెత్తితే "ప్రేమ ఉన్నచోట అవెందుకండీ" అంటారు. తీరా పెంచిన తండ్రి సమాధి మన్ను ఆరకముందే "ఈ కొబ్బరి తోటలో వీడికేం హక్కు?" అనే ప్రశ్న బయలుదేరుతుంది. అడిగేది పరాయివారు కాదు, అదే ప్రభువు బల్లలో పాలుపొందేవారే.

ఒకప్పుడు చట్టమూ మనకు తోడు రాలేదు. 1956 నాటి దత్తత చట్టం హిందువులకే వర్తించింది. క్రైస్తవులకు 1890 చట్టం కింద సంరక్షకులుగా ఉండే వీలే మిగిలింది. బిడ్డ మేజరు కాగానే అదీ ముగిసేది. ఆ సాకు ఇప్పుడు లేదు. బాలల న్యాయ చట్టం ప్రకారం ఏ మతస్థులైనా దత్తత తీసుకోవచ్చని 2014లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. 2015 చట్టం ప్రకారం దత్తత బిడ్డ కడుపున పుట్టిన బిడ్డతో సమానం, వీలునామా లేకపోయినా సరే. పెద్దమ్మ, పిన్ని, మేనమామ, మేనత్త, బాబాయి వంటి బంధువులకు ప్రత్యేక దారి కూడా ఉంది. 2022 సెప్టెంబరు నుంచి ఉత్తర్వు ఇచ్చేది జిల్లా కలెక్టరు. కోనసీమ జిల్లా ఏర్పడిందీ ఆ ఏడాదే కాబట్టి మనవారికి అమలాపురమే చాలు.

మోషేను పెంచిన ఫరో కుమార్తె గురించి, ఎస్తేరును పెంచిన మొర్దెకై గురించి ఎన్నో ప్రసంగాలు విన్నాం. యాకోబు చేసిన దత్తత గురించి ఎందుకో తక్కువ వింటాం. మనవలైన ఎఫ్రాయిము, మనష్షేలను ఆయన రూబేను, షిమ్యోనులతో సమానంగా తన బిడ్డల్లో లెక్కించుకున్నాడు (ఆదికాండము 48:5). అది మంచం మీది ముసలాయన తీపి మాటగా మిగిలిపోలేదు. తరాల తర్వాత కనాను భూమి పంచినప్పుడు ఆ ఇద్దరి సంతానానికీ పేరుపేరునా వాటా వచ్చింది (యెహోషువ 16, 17). పౌలు కూడా దత్తపుత్రాత్మను గురించి చెప్పి, రెండు వచనాలు దాటకుండానే వారసుల మాట ఎత్తాడు (రోమా 8:15-17).

పాస్టర్లు ఆశీర్వాద ప్రార్థనకు ముందే కన్నవారి సమ్మతి, దరఖాస్తు సంగతి అడగాలి. ఐదేళ్లు నిండిన బిడ్డ అయితే ఆ బిడ్డ సమ్మతి కూడా కావాలి. ఇక పద్దెనిమిది నిండినవారికి ఈ దారి మూసుకుపోయినట్టే. వారి కోసం పెంచినవారు వీలునామా రాసి రిజిస్టరు చేయించాలి, అదీ చెయ్యి వణకకముందే.