సముద్రపు టంచున రైలు స్టేషను

పిల్లలూ! దేశపటం తెరిచి, తమిళనాడులో రామేశ్వరం ఎక్కడున్నదో చూడండి. అది పాంబన్ దీవిలో ఉన్నది. ఆ దీవి ఒక కొస సన్నని ఇసుక నాలుకలాగా సముద్రంలోకి సాగి ఉంటుంది. దాని పేరు ధనుష్కోటి. ఇక్కడ కోటి అంటే సంఖ్య కాదు, వింటి కొన. కాశీరామేశ్వర యాత్రకు వెళ్ళిన మన పెద్దలు అక్కడ సముద్రస్నానం చేసేవారు.

1914లో పాంబన్ వంతెన పూర్తికాగా, దీవి చివర ధనుష్కోటి రేవు దగ్గర స్టేషను వెలిసింది. మద్రాసు నుంచి "బోట్ మెయిల్" ఎక్కినవారు అక్కడ దిగి, స్టీమరులో సముద్రం దాటి, శ్రీలంకలోని తలైమన్నారు చేరేవారు. ఆ ఒడ్డున కొలంబో పోయే రైలు ఉండేది. స్టేషను మూలాన ధనుష్కోటికి పోస్టాఫీసు, కస్టమ్స్ కచేరీ వచ్చాయి.

1964 డిసెంబరు 22 రాత్రి అక్కడ పెద్ద తుపాను వచ్చింది. ఒక పళ్ళెంలో కొంచెం నీరు పోసి, ఒక పక్కనుంచి గట్టిగా ఊదండి. అవతలి అంచున నీరు ఎగబాకుతుంది. తుపానుగాలి కూడా సముద్రాన్ని ఇలాగే ఒడ్డుకు తోస్తుంది. లోతులేని చోట ఆ నీరు అడుగునుంచి వెనక్కు పోలేక గోడలా లేస్తుంది. అదే ఉప్పెన. 1977లో మన దివిసీమను ముంచినది ఇటువంటిదే.

ఆ రాత్రి పాంబన్‌నుంచి బయలుదేరిన పాసింజరు బండి ధనుష్కోటిని సమీపిస్తూ ఉండగా ఉప్పెన ముంచెత్తింది. బండిలో ఉన్న వందమందికి పైగా జనంలో ఒక్కరూ బతకలేదు. ఊరూ, స్టేషనూ నాశనమయాయి.

పాంబన్ వంతెన దూలాలు కూడా చాలా కొట్టుకుపోయాయి. కాని యువ ఇంజనీరు ఇ. శ్రీధరన్ ఆధ్వర్యాన, సముద్రంలో పడిన దూలాలను వెదికి తీయించి, 46 రోజులలో వంతెన బాగుచేశారు. మరి స్టేషనును ఎందుకు తిరిగి కట్టలేదు? వంతెన స్తంభాలు చాలావరకు నిలిచే ఉన్నాయి. దూలాలు ఎక్కిస్తే సరిపోయింది. ధనుష్కోటికి ఉన్న ఆధారమల్లా ఇసుక. అటూ ఇటూ సముద్రమే. మళ్ళీ ఉప్పెన వస్తే జనం ఎక్కి తలదాచుకోవటానికి మెట్టనేల లేదు. అందుచేత ఆ ఊరు నివాసయోగ్యం కాదని మద్రాసు ప్రభుత్వం ప్రకటించింది. స్టీమర్లు రామేశ్వరంనుంచి నడిచాయి.

ఆ విధంగా 50 ఏళ్ళకే స్టేషను ఆయువు తీరింది. దాని మొండిగోడలు ఇసుకలో ఇంకా కనిపిస్తాయి.

ఇప్పుడు ఉపగ్రహాలు తుపాను రాకను కొన్ని రోజుల ముందే కనిపెడుతున్నాయి. కాని హెచ్చరిక విని కదలవలసినది మనమే. మీరు సముద్రతీరాన ఉన్నవారైతే, తుపాను వస్తే వెళ్ళవలసిన చోటు ఏదో ఇవాళే మీ నాన్నగారిని అడిగి తెలుసుకోండి.